ఎర్రద్దం మింగిన బొట్టు

కుప్పంలో నా స్టూడియో షట్టర్ దించేసి నాలుగేళ్లయింది. అయినా ఇంటికి పిల్లలు వస్తూనే ఉన్నారు. అటక మీద నుంచి తాతల కాలం నాటి ఫిల్ము కెమెరాలు దించి, దుమ్ము దులిపి తెచ్చి, "మేడమ్, బ్లాక్ అండ్ వైట్ నేర్పించండి" అంటారు. ఫోన్లో ఒక గీత పక్కకు జరిపితే రంగులన్నీ పోతాయి కదా, ఇంకేం నేర్పాలి అంటే ముసిముసిగా నవ్వుతారు. కాసేపయ్యాక అసలు ప్రశ్న బయటికి వస్తుంది. రంగే లేని ఫోటోకు లెన్సు ముందు ఈ రంగుటద్దాలు ఎందుకు?

ఒకప్పుడు నేనూ ఇదే అడిగాను. అందుకే ఇది రాస్తున్నాను. ఎన్ని పెళ్లిళ్లు తీశానో, ఎవరు శాలువా కప్పారో రాయను. ఆ శాలువాలు పెట్టెలో చిమ్మెటలు తింటున్నాయి, తిననీ. నా తప్పు ఒకటి రాస్తాను. దాని వల్ల నా చేతిలోంచి కెమెరా పోయింది, ఇంక ఈ జన్మలో దొరకదనుకున్నాను. మళ్లీ ఎలా పట్టుకున్నానో అదీ రాస్తాను. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు. ఉలికిపడేవాళ్లు ఇక్కడే ఆపేయవచ్చు, నాకేం బాధ లేదు.

కెమెరా ముట్టుకోని నెల

మా అమ్మ మదనపల్లెలో మిషన్ ఆసుపత్రిలో ఆయా. ఆసుపత్రి వెనక వరస ఇళ్లలో మా కాపురం. మాది క్రైస్తవ కుటుంబం. మా ఇళ్లలో ఆడవాళ్లెవరూ బొట్టు పెట్టుకోరు. ఆదివారం తెల్లచీర, చేతిలో బైబిలు, బోసి నుదురు. నేను పుట్టి పెరిగిన చోట ఆడదంటే అలాగే ఉండేది.

అదే ఆసుపత్రిలో జ్ఞానప్రకాశం మాస్టారు ఫోటోలు తీసేవారు. ఆయన తీసేవి పెళ్లి ఫోటోలు కావు. పుండ్లు, చర్మం మీద మచ్చలు, వంకరపోయిన వేళ్లు. డాక్టర్లు వాటిని దాచుకుని, ఆరు నెలల తర్వాత మళ్లీ తీయించి, జబ్బు తగ్గిందా పెరిగిందా అని పోల్చి చూసుకునేవారు. పదో తరగతి అయిపోయాక నేను ఆయన వెంటపడ్డాను. ఫిల్ము కడిగే చీకటిగదిలో ఆడపిల్లకేం పని అని చర్చి పెద్దలు మా అమ్మను నిలదీశారు. మా అమ్మ ఊరుకునే మనిషా? "కరెంటు పోయిన రాత్రి మీ కోడండ్లకు కానుపు జేసింది నేనే గదప్పా. ఆ చీకట్లో ఆడదానికేం పనని అప్పుడు ఒక్కరూ అడగలేదే?" అంది. మర్నాడే నన్ను మాస్టారి దగ్గర దిగబెట్టింది.

మాస్టారు నాకు మూడు అద్దాలు ఇచ్చారు. పసుపుది, ఎర్రది, పచ్చది. కెమెరా మాత్రం నెల రోజులు ముట్టుకోనివ్వలేదు.

"మాస్టారూ, ఫోటోలో రంగే రాదు గదా, ఈ అద్దాలు యాల?" అని అడిగాను.

"రంగు రాదు గనకనే. ఎర్ర టమోటా, పచ్చ ఆకు నీ కంటికి వేరేవేరే. ఫిల్ముకు రెండూ ఒకే బూడిద. దాంట్లో ఏది తెల్లగా రావాల, ఏది నల్లగా రావాల అనేది నువ్వు సెప్పాల. నోటితో సెప్తే ఫిల్ము ఇంటాదా? అద్దంతో సెప్పాల."

సూత్రం ఒక్కటే. అద్దం తన రంగును తెల్లబరుస్తుంది, తనకు పడని రంగును నల్లబరుస్తుంది. వినడానికి ఇంతే. అది ఒంటబట్టడానికి నాకు ఆ నెలంతా పట్టింది. పొద్దున్నే టమోటా మార్కెట్ యార్డుకు పోయేదాన్ని. గంపల మధ్య నిలబడి ఎర్రద్దం కంటికి పెట్టుకునేదాన్ని. మొదట లోకమంతా ఎర్రగానే కనిపిస్తుంది. అక్కడే అందరూ మోసపోతారు. కన్ను సగం మూసి, రంగును మరిచిపోయి, వెలుగెంత అనేది ఒక్కటే చూడాలి. అప్పుడు ఎర్రటి పండ్లు నిమ్మకాయల్లా పాలిపోతాయి, వాటి తొడిమలు నల్లబడతాయి. పచ్చద్దం పెడితే అవే పండ్లు బొగ్గులు. నోటుబుక్కులో ఒక్కో వస్తువు పేరు రాసి, ఎదురుగా తెలుపు, నలుపు, బూడిద అని ఊహించి పెట్టేదాన్ని. సాయంత్రం మాస్టారు తప్పులను ఎర్రసిరాతో కొట్టేసేవారు. హమాలీలు నన్ను చూసి, "పాపం, పిల్లకు కండ్ల జబ్బేమో, ఆస్పత్రి వాళ్లు అద్దాలిచ్చి పంపిండారు" అనుకునేవాళ్లు.

నేర్చుకోవాలని వచ్చే పిల్లలకు నేను చెప్పేదీ ఇదే. ముందు కెమెరా పక్కన పెట్టి అద్దంతో నెల రోజులు తిరగండి. ఒప్పుకునేవాళ్లు పదిమందిలో ఒక్కరు. మిగతా తొమ్మిదిమందికి టీ ఇచ్చి పంపించేస్తాను.

కెమెరా చేతికొచ్చిన మొదటి వారంలోనే ఒక ఘనకార్యం చేశాను. వార్డులో నా ఈడు పిల్ల ఒకతె ఉండేది. చెంప మీద ఎర్రటి మచ్చ. పాపం అనిపించి ఎర్రద్దం పెట్టి తీశాను. ప్రింటులో మచ్చ మాయం. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. మాస్టారు ప్రింటు చూసి బల్ల మీద గట్టిగా చరిచారు. "మచ్చ పోయె, జబ్బు పోయిందా? డాక్టరు దీన్ని సూసి నయమైపోయిందని ఇంటికి పంపిస్తే ఆ పాపం ఎవురిది?" అన్నారు. నాకు బుద్ధి వచ్చిందనుకున్నాను. రాలేదని పుంగనూరులో తెలిసింది.

రెడ్డెప్ప దగ్గర

పుంగనూరులో రెడ్డెప్ప స్టూడియోలో చేరినప్పుడు నాకిచ్చిన పని రంగులేయడం. నలుపు తెలుపు ఫోటోల మీద చీరకు రంగు, పెదాలకు రంగు, నగలకు పసుపు. ఆడవాళ్లకు ఓపికెక్కువ కాబట్టి ఆ పని వాళ్లదే అని ఆయన లెక్క. ఓపిక ఎక్కువైతే కెమెరా ఎందుకివ్వకూడదు అని నేనడిగితే వినపడనట్టు పోయేవాడు.

ఉన్నదున్నట్టు చెప్పాలి. లైటు పెట్టడంలో ఆయన్ను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ముక్కు నీడ ఎక్కడ పడాలో వేలితో గాలిలో గీసి చూపించేవాడు. నాకు వచ్చిన లైటింగంతా ఆయన పెట్టిన భిక్షే. కానీ నెగటివ్ మీద ముడతలు, మచ్చలు చెరిపే టచింగ్ పెన్సిల్ చేతికొస్తే మనిషికి పూనకం వచ్చేది. అరవయ్యేళ్ల అవ్వ ముఖం కూడా ఒలిచిన కోడిగుడ్డు అయిపోవాలి. ఎండలో కందిన ముఖాలన్నీ తెల్లబడాలి. జనానికి అదే కావాలనేవాడు. జనానికి అలవాటు చేసింది ఎవరు మరి?

నాకు కెమెరా ఇచ్చింది మాత్రం జనమే. పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లు మగవాడి ముందు తల ఎత్తి కూర్చోలేక సిగ్గుపడిపోయేవాళ్లు. వచ్చిన ఫోటోలన్నీ నేల చూపులే. ఒకరోజు విసిగిపోయి, "రూతమ్మా, నువ్వే తీయి పో" అన్నాడు. నా ఫోటోల్లో వాళ్లు తల ఎత్తారు. ఆ తర్వాత నన్ను ఆపడం ఆయన వల్ల కాలేదు. ఏడాది తిరిగేసరికి బయటి పనులకు కూడా నన్నే పంపేవాడు.

ఆవు, ఆకాశం

గంగవరం దగ్గరి పల్లె నుంచి మునెంకటప్ప అనే రైతు వచ్చాడు. ఆయన ఇంట్లో తెల్లటి పుంగనూరు ఆవు ఉంది, నడుమెత్తు కూడా ఉండదు. పశువుల పోటీలో దానికి మొదటి బహుమతి వచ్చింది. ఆవు, తను, భార్య గంగులమ్మ, ముగ్గురూ ఉన్న పెద్ద పటం కావాలన్నాడు.

"ఆవును బాగా తీయమ్మా. మేము ఎట్లొచ్చినా పర్వాలేదు" అన్నాడు.

నేను ఆ మాటను అక్షరాలా పాటించాను. అదే నా కొంప ముంచింది.

నేను పోయినరోజు ఆకాశం నీలంగా, దూదిపింజల్లాంటి మబ్బులతో ఉంది. ఏ అద్దమూ లేకుండా తీస్తే నీలం తెల్లగా వస్తుంది, తెల్ల ఆవు అందులో కలిసిపోతుంది. పసుపద్దం పెడితే కొంచెం మేలు. ఎర్రద్దం పెడితే నీలమంతా నల్లగా దిగిపోయి, మబ్బులూ ఆవూ వెండిలా మెరుస్తాయి. హార్స్లీ హిల్స్ మీద ఎన్నోసార్లు ఆకాశాన్ని అలా తీసి మురిసిపోయినదాన్ని. ఎర్రద్దమే పెట్టాను. గంగులమ్మ తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, నుదుట పెద్ద కుంకుమబొట్టు పెట్టుకుని ఆవు పక్కన నిలబడింది. మునెంకటప్ప నామం పెట్టుకున్నాడు, తెల్లగీతల నడుమ ఎర్రగీత. ఆవు నుదుటికీ కుంకుమ పెట్టారు. నేను చూసింది ఆవును, మబ్బును. అంతే.

ప్రింటు మందులో తేలుతుంటే కళ్లు తిప్పుకోలేకపోయాను. అంత మంచి ఫోటో అప్పటిదాకా నేను తీయలేదు. రెడ్డెప్ప పొరుగూరి పెళ్లి పనిలో ఉన్నాడు, చూడలేదు. చూసి ఉంటే ఒక్క క్షణంలో పట్టేసేవాడు. నేను మాత్రం గంటసేపు చూశాను, ప్రింటును తిప్పి తిప్పి చూశాను. ఏ లోపమూ కనపడలేదు. కుంకుమ ఎరుపు, అద్దం ఎరుపు. తన రంగును అద్దం తెల్లబరిచేసింది. గంగులమ్మ నుదుటి మీద బొట్టు లేదు. పుట్టినప్పటినుంచీ బోసి నుదుళ్లే చూసిన నా కళ్లకు అది అమ్మ ముఖంలా, పిన్నమ్మ ముఖంలా, మామూలు ముఖంలా కనిపించింది.

ఫ్రేము కట్టించి, నేనే బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయాను. కాగితం విప్పగానే వాకిట్లో అందరూ "ఆవు సూడు! ఆవు సూడు!" అన్నారు. నేను ఉబ్బిపోయాను. మునెంకటప్ప తల్లి పటాన్ని దగ్గరికి తీసుకుని, కళ్లు చికిలించి చూసింది. ఆమె భర్త ఎప్పుడో పోయాడు, ఆమెది కూడా బోసి నుదురే.

"నా కోడలి బొట్టు యాడికి పోయె?" అంది.

గంగులమ్మ చెయ్యి తెలియకుండానే నుదుటి మీదికి పోయింది.

"తాళి గట్టినోడు పక్కన నిలబడి ఉండాడు, వాని పక్కన ముండమోసిన దాని మాదిరి నిలబెట్టినావే! నీ నుదురు మాదిరే దీని నుదురు జేసినావే!" అని ముసలమ్మ నా మీదికి వచ్చింది.

అద్దం సంగతి చెప్పబోతే పటాన్ని నా చేతుల్లోకి తోసేసింది. ఇంకొక్క మాట మాత్రం ఇప్పుడు చెప్పి తీరతాను. ఆ ఫోటోలో మునెంకటప్ప నామంలోని ఎర్రగీత కూడా పోయింది. ఆవు కుంకుమ కూడా పోయింది. ఆయన గీత ఏమైందని అడిగినవాడు ఒక్కడు లేడు. మొగుడి నుదుట కుంకుమ పోతే ఫోటో బాగాలేదు, అంతే. పెళ్లాం నుదుట పోతే ఇంటికే అరిష్టం!

తప్పు ఎవరిది

పటం వెనక్కి తెచ్చాను. రెడ్డెప్ప చూసి తల కొట్టుకున్నాడు. "ఎర్ర సుక్క పెట్టి పంపించు, అయిపోతాది" అన్నాడు. పెట్టి పంపించాను. తుడిచేసిన బొట్టు మళ్లీ పెడితే నిలుస్తుందా అని ముసలమ్మ దాన్ని గోడవైపు తిప్పి పెట్టిందట.

మూడు వారాల తర్వాత గడ్డి కోస్తుంటే మునెంకటప్ప కాలు కొడవలికి తెగింది. పేడ పూసి గుడ్డ కట్టుకున్నాడు. కొన్నాళ్లకు దవడ పట్టేసింది, నోరు తెరుచుకోలేదు. అది ధనుర్వాతం. మా ఆసుపత్రి వరసలో చిన్నపిల్లకు కూడా ఆ సంగతి తెలుసు. ఆ ఇంట్లో వాళ్లకు మాత్రం పటం గుర్తొచ్చింది. పటం కీడు తీయించాలని ఆయన్ను మంత్రగాడి దగ్గరికి తీసుకుపోయారు. మూడు రోజులు అక్కడే. ఆ తర్వాత మదనపల్లె ఆసుపత్రికి తెచ్చారు. ఆ వార్డులో మా అమ్మే డ్యూటీలో ఉంది. "శానా లేటుగా తెచ్చినారు బిడ్డా" అని మాత్రం నాతో చెప్పింది. మర్నాడు ఆయన పోయాడు.

కిరస్తానం పిల్ల కావాలనే బొట్టు చెరిపింది, మనిషిని మింగేసింది అని సంతలో చెప్పుకున్నారు. పదిమంది స్టూడియో మీదికి వచ్చారు. రెడ్డెప్ప వాళ్లను సముదాయించి పంపి, నా చేతిలోంచి కెమెరా తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"ఇంక నీకు కెమెరా లేదు. రంగులేసుకుంటే ఉండు, లేకుంటే పో. ఈ పేరు ఇన్యాక ఏ స్టూడియోవాడూ నిన్ను గడప తొక్కనీడు" అన్నాడు. అందులో అబద్ధం లేదు. పోయేచోటు లేదు. మళ్లీ రంగుల బల్ల దగ్గర కూర్చున్నాను.

ఆదివారం మాస్టారి దగ్గరికి పోయి ఏడ్చాను. ఓదారుస్తారనుకున్నాను. ఆయన ఓదార్చలేదు.

"నీ పటం మనిషిని సంపలేదు, అది పిచ్చిమాట. అట్లని నీ తప్పు లేదని మాత్రం అనుకోవద్దు. ఏది కుంకుమో, ఏది టమోటానో అద్దానికి తెలీదు. నీకు తెలియాల. ఆ యమ్మకు ఏది ముఖ్యమో అడిగినావా? నీ ఇంట్లో లేనిది నీ కంటికి ఆనలేదు. ముందు మనిషిని సూడు, మళ్లా మబ్బును సూద్దువు."

నా వృత్తి మొత్తానికి ఇంతకంటే పెద్ద పాఠం లేదు. మన ఇంట్లో లేనిది మన కంటికి ఆనదు. కెమెరా పట్టే ప్రతివాడూ దీన్ని ఒప్పుకోవాలి. ఒప్పుకోనివాడు నాలాగే ఎవరి వాకిట్లోనో తల దించుకుంటాడు.

గంగులమ్మ వచ్చింది

ఐదారు నెలలు గడిచాయి. ఒక సంతరోజు మధ్యాహ్నం రెడ్డెప్ప అన్నానికి ఇంటికి పోయాడు. నేనొక్కదాన్నే పెళ్లికూతురి చీరకు రంగు వేస్తున్నాను. గుమ్మంలో గంగులమ్మ నిలబడి ఉంది. బోసి నుదురు, బోసి మెడ. నేను లేచి ఆమె కాళ్ల మీద పడబోయాను.

"లే, నాటకాలు వద్దు" అంది. "నువ్వు సంపలేదు. కాలు తెగిన నాడే ఆస్పత్రికి పోదామని నేను మొత్తుకుంటి. నా మాట ఎవురిన్యారు? పటం సూసి అందరూ బయపడిరి గానీ, కాలు సూసి బయపడినోళ్లు ఒక్కరూ లేరు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె నా ఏడుపు అయ్యేదాకా బెంచీ మీద కూర్చుంది. తర్వాత నడుము దగ్గర చీరలో దోపుకున్న పొట్లం తీసింది. కుంకుమ. స్టూడియో అద్దం ముందుకు పోయి, వేలితో అద్ది, పావలా కాసంత బొట్టు పెట్టుకుంది.

"ఇప్పుడు నన్నొక్కదాన్నే తీయి. ఇది కనపడేటట్టు తీయి."

"అమ్మా, ఊర్లో ఊరుకుంటారా?"

"ఊరుకోరు. ఏం జేస్తారు? నా దగ్గర పాలు పోయించుకోకుండా పోతారా? పొద్దన్నే సెంబు పట్టుకోని నా గడపకే వస్తారు. ఇది నేను తొట్టెలో ఉన్నప్పుడు మా యమ్మ పెట్టింది. ఆయప్ప తెచ్చింది తాళి. తాళి తీసిరి, సరే. ఆయప్ప తేని దాన్ని తీసే దానికి వీళ్లెవురు?"

నా చూపు బీరువా మీదికి పోయింది. కానీ ఉన్న సంగతి చెప్పక తప్పలేదు. "నన్ను కెమెరా ముట్టుకోవద్దన్నారమ్మా."

"ఎవురు?"

"మా ఓనరు."

"యాల?"

"నీ పటం వల్లనే."

గంగులమ్మ నవ్వింది, ఆ చిన్న గదిలో మోగేలా నవ్వింది. "అట్లయితే ఇద్దరిదీ ఒకటే కత. నాకు బొట్టు వద్దన్నారు, నీకు కెమెరా వద్దన్నారు. ఇప్పుడు నువ్వు తీస్తావా, నన్ను లేసి పొమ్మంటావా?"

బీరువా తాళంచెవి ఎక్కడుంటుందో నాకు తెలుసు. తీస్తే నా పని పోతుందనీ తెలుసు. తీయకపోతే ఇంకెప్పుడూ ఏ మనిషి ముఖమూ నేను తీయదగినదాన్ని కానని అంతకంటే బాగా తెలుసు.

కొత్త రోలు వేశాను. ఈసారి ముందు నుదురు చూశాను, ఆ తర్వాతే మిగతావి. ఎర్రటి కుంకుమ ఫోటోలో నల్లగా దిగాలంటే పచ్చద్దం పెట్టాలి. దానితో చిక్కేమిటంటే చర్మం కూడా కొంత నల్లబడుతుంది, పెదాలు మరీ నల్లబడతాయి. వెలుగు కూడా నాలుగింతలు కావాలి కాబట్టి కెమెరా కన్ను ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, అందాకా మనిషి కదలకూడదు. అంతా ఆమెకు చెప్పాను. చెప్పి చేయడం అప్పుడే నేర్చుకున్నాను.

"నల్లగా వస్తావమ్మా."

"నల్లదాన్ని గాక ఎర్రదాన్నా? తీయి."

ఊపిరి బిగబట్టి కూర్చుంది. నాలుగు తీశాను. నాలుగోది తీస్తుండగా రెడ్డెప్ప లోపలికి వచ్చాడు. ఆమెను గుర్తుపట్టాడు, బొట్టు చూశాడు, నా చేతిలో కెమెరా చూశాడు. ఏది చూసి ఎక్కువ మండిందో చెప్పలేను.

"మొగుడు సచ్చినదానికి బొట్టు పెట్టి ఫోటో తీస్తావా? నా షాపు ఏం గావాల? ఆ ఫిల్ము ఈడియ్యి!"

"ఇయ్యను."

"ఇయ్యకుంటే ఇప్పుడే దిగు."

"దిగతాండాను. రోలు నా జీతంలో పట్టుకో."

రోలు చుట్టి, కొంగున ముడి వేసుకుని, చెప్పులు వేసుకుని మెట్లు దిగాను. వెనకాల గంగులమ్మ రెడ్డెప్పతో, "ఏమప్పా, నా పాలే గదా నీ ఇంటికి పోయేది? రేపట్నుంచి నీళ్లు తాగు" అనడం వినపడింది.

కుప్పం

మా అన్న కుప్పం రైల్వే స్టేషన్లో పని చేసేవాడు, అక్కడికే పోయాను. మాస్టారు తన పాత కెమెరా నాకిచ్చేశారు. బస్టాండు దగ్గర ఒక గది తీసుకుని బోర్డు పెట్టాను. ఆడదాని స్టూడియో ఆరు నెలలు నడిస్తే గొప్ప అని పందేలు కట్టినవాళ్లున్నారు. వాళ్ల మనవరాళ్ల పెళ్లిళ్లు కూడా నేనే తీశాను.

షోకేసులో మొట్టమొదట పెట్టింది గంగులమ్మ ఫోటో. నల్లటి ముఖం, సూటి చూపు, నుదుట సిరాతో దిద్దినట్టు గుండ్రటి బొట్టు. టచింగ్ లేదు. కుప్పంలో ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. పెళ్లీడు ఆడపిల్లల తల్లులు దాని ముందు ఆగిపోయేవాళ్లు. తమిళంలో, కన్నడంలో, తెలుగులో ఒకటే మాట. "ఆ యమ్మ బొట్టు సూడు, ఎంత లక్షణంగా ఉండాదో! మా పిల్లకూ అట్లే రావాల."

నేను అసలు సంగతి చెప్పలేదు. గొప్పలకు పోను, మొదట్లో భయపడే చెప్పలేదు. అయితే ఒక ప్రశ్న మాత్రం అందరినీ అడిగేదాన్ని. "బొట్టు బాగా కనపడాలంటే పిల్ల కొంచెం నల్లగా వస్తాది. పిల్ల తెల్లగా కావాలంటే బొట్టు పాలిపోతాది. ఏది కావాల?" తల్లులు గిలగిల్లాడిపోయేవాళ్లు. పెళ్లికొడుకు వాళ్లకు తెల్లదనం కావాలి, ఊరికి బొట్టు కావాలి. రెండూ ఇమ్మంటే నేను ఇవ్వను. పిల్లను ఉన్నట్టే చూపించడానికి భయమైతే పక్క వీధిలో ఇంకో స్టూడియో ఉంది, పొమ్మనేదాన్ని. కొంతమంది తిట్టుకుంటూ పోయారు. ఎక్కువమంది గొణుక్కుంటూ కూర్చున్నారు.

చాలా ఏళ్ల తర్వాత గంగులమ్మ ఒక దూడను కొనడానికి కుప్పం వచ్చి, నన్ను చూడ్డానికి స్టూడియోలోకి వచ్చింది. జుట్టు సగం తెల్లబడింది. బొట్టు అలాగే ఉంది. మేము మాట్లాడుకుంటుండగా ఒక తల్లి కూతుర్ని పెళ్లి ఫోటోకు తీసుకొచ్చింది. పిల్ల స్టూలు మీద కూర్చుంది. తల్లి కుంకుమ భరిణ తీస్తూ గంగులమ్మను చూసింది, షోకేసు వైపు చూసింది, మళ్లీ ఆమెను చూసింది.

"అమ్మా, ఆ పటంలో ఉండేది నువ్వేనా! మహాలక్ష్మి మాదిరి ఉండావు. ముత్తైదువ చెయ్యి, మంచి జరుగుతాది. నువ్వే మా పిల్లకు బొట్టు పెట్టమ్మా" అని భరిణ చాచింది.

గంగులమ్మ తొణకలేదు. భరిణ అందుకుంది.

"పెట్టేదానికేమమ్మా. అయితే ముందే సెప్తాండాను. ఆ పటం తీసేనాటికే నా మొగుడు పోయిండాడు."

తల్లి చటుక్కున కూతురి భుజం పట్టుకుని వెనక్కి లాగింది. నా వైపు చూసింది. అబద్ధమని చెప్పమన్నట్టు చూసింది. "నిజమేనమ్మా, నేనే తీసినాను" అన్నాను. ఇన్నేళ్ల తర్వాత ఆ మాట నోటి నుంచి వచ్చేసరికి ప్రాణం తేలికపడింది. పిల్లను లేపుకుని పోతే పోనీ అనుకున్నాను.

పిల్ల లేవలేదు. తల్లి చెయ్యి భుజం మీద నుంచి తీసేసింది. ఒక చూపు షోకేసు మీద, ఒక చూపు గంగులమ్మ మీద వేసింది.

"పెట్టు పెద్దమ్మా" అంది. "రొంత పెద్దదే పెట్టు."

"ఒసేయ్!" అంది తల్లి.

పిల్ల కళ్లు మూసుకుని ముఖం ముందుకు చాచింది. గంగులమ్మ పెట్టింది. నేను తీశాను.